కత్తెర పడిన కోడ్

వారం నుంచి మా ఆవిడకి బీపీ బిళ్ళలు పనిచేయడం లేదు. నకిలీవేమోనని నా అనుమానం. బిళ్ళల షీటు మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఆ మందు ఫ్యాక్టరీ నుంచి షాపు దాకా ఎలా వచ్చిందో బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ చిట్టాలో కనిపిస్తుందనీ, దాన్ని ఎవరూ మార్చలేరనీ మనవరాలు చెప్పింది.

ఈ రోజు కోడూరులో మెడికల్ షాపుకు వెళ్ళి, అలవాటు కొద్దీ ఐదు బిళ్ళలే అడిగాను. షాపాయన కత్తెర తీసి, సరిగ్గా కోడ్ మధ్యలోంచి కత్తిరించాడు.

“అయ్యో, కోడ్ తెగిపోయిందండీ!” అన్నాను.

“బిళ్ళ తెగలేదు కదా బాబాయ్! ఇన్నేళ్ళూ నన్ను నమ్మి, ఇప్పుడు ఫోన్‌ని నమ్ముతారా?”

షీటు మొత్తం అడిగితే ఆయన్ని అనుమానించినట్టవుతుందని డబ్బులిచ్చేశాను. అవే తెచ్చాను.

“ఇవైనా మంచివేనా?” అని ఆవిడ అడిగింది. మీరైతే ఏం చెబుతారండీ? త్వరగా చెప్పండి, నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంది.