మా ఆయన తుపాకీకి కొత్త గొట్టం

మా ఆయన పోయిన రెండో ఏడు అడవి పందులు మూడుసార్లు నా గోంగూర మడి తవ్విపోశాయి. మా అమ్మాయి వాళ్లుండే ఇర్వింగ్ నుంచి కారులో గంటన్నర దూరంలో, మా ఆయన ముచ్చటపడి కొన్న రెండెకరాల్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. నాకు చదువు లేదు, ఇంగ్లీషు రాదు, కారు రాదు. గోంగూర పండించడం వచ్చు. శనివారాలు మా అమ్మాయి, అల్లుడు వచ్చి కట్టలు ఇండియన్ స్టోర్లకు పట్టుకెళతారు.

"అమ్మా, ఇంకొక్కసారి పందులు పడ్డాయంటే ఈ ప్లేస్ సేల్‌కి పెట్టేస్తాం. నువ్వు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చెయ్యాల్సిందే," అంది అమ్మాయి.

వాళ్లది మూడో అంతస్తు. బాల్కనీలో కుండీ పెడితే కిందివాళ్లు కంప్లయింట్ ఇస్తారు. అక్కడ నేనేం చెయ్యను? టీవీ ముందు కూర్చుని పప్పు నానబెట్టుకుంటూ చావాలి.

ఇంట్లో మా ఆయన తుపాకీ ఉంది. దాని కింద ఇనప పిడి ఒకటి ఉంటుంది. ఆ పిడిని కిందికి గుంజి పైకి నొక్కితే కాలిన డొల్ల బయటపడి కొత్త తూటా లోపలికి వెళుతుంది. గట్టి తుపాకీ. తూటాలే దొరకవు. ఆ సైజువి చెయ్యడం ఎప్పుడో మానేశారట.

"కొత్త రైఫిల్ తీసుకుందాం అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"మీ మావయ్యది ఉండగా కొత్తదెందుకు బాబూ? దొరికే సైజుకి దీన్నే మార్పించు."

మిక్సీకి జార్ మార్చినట్టే అనుకున్నాను.

తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్లాం. ఆయన చెప్పేది అల్లుడు నాకు తెలుగులో చెప్పాడు. గొట్టం మార్చాలట. మార్చమన్నాను. మూడు వారాలాగి వెళితే, కొత్త తూటా పొట్టిదట. లోపల తూటాను పైకెత్తే చిన్న పలక ఉంటుంది, అది ఒకటి ఎత్తాల్సిన చోట ఒకటిన్నర ఎత్తి ఇరుక్కుంటోందట. పలక మార్చాడు. ఈసారి డొల్లను పట్టి లాగే కొక్కేనికి పట్టు దొరకడం లేదట. కొక్కెం మార్చాడు. ఇక తూటాలు వరసగా పడుకునే కింది గొట్టం వదులైందట.

"మా ఆఫీస్‌లో అప్‌గ్రేడ్ కూడా ఇంతే అత్తయ్యా. ఒకటి ఫిక్స్ చేస్తే రెండు బ్రేక్ అవుతాయి," అని అల్లుడు హుషారెక్కాడు. ల్యాప్‌టాప్‌లో గళ్లు గీసి ఏ సామాను ఎందుకు మొరాయించిందో రాయడం మొదలుపెట్టాడు. అతనూ ముసలాయనా తలలు దగ్గరపెట్టి చూసుకుంటూ, నేనక్కడ ఉన్న సంగతే మర్చిపోయేవాళ్లు.

"ఇంక నాన్న తుపాకీలో నాన్నది ఏం మిగిలిందమ్మా?" అని అమ్మాయి నవ్వింది.

"చెక్క మిగిలింది. చాల్లే."

రేపు ఆయుధ పూజ అనగా తుపాకీ చేతికొచ్చింది. ముసలాయన తన పెరట్లో నాలుగు తూటాలు కాల్చి చూపించి, నా చేత ఒకటి కాల్పించాడు. భుజం అదిరి వెనక్కి కూలబడ్డాను. "గుడ్, గుడ్," అంటూ లేవదీశాడు.

మా ఆయన రైసుమిల్లు ఫిట్టరు. ఆయుధ పూజ రోజున రెంచీలన్నిటికీ బొట్టు పెట్టనిదే అన్నం ముట్టేవాడు కాదు. ఇప్పుడు పెట్టడానికి నేను తప్ప ఎవరున్నారు? మర్నాడు సాయంత్రం తుపాకీని పీట మీద పెట్టి, గొట్టానికి గంధం, చెక్కకు పసుపు కుంకుమ పెట్టాను. అప్పుడు అనిపించింది, కొత్త సామానంతా లోపల ఉంటే పైపైన పెట్టిన బొట్టు వాటికేం అందుతుందీ అని. పిడి లాగి తెరిచి, పలకకు, కొక్కేనికి, వేలు దూరినంత మేరా తడి గంధం అద్ది కుంకుమ పెట్టాను. దేన్నీ వదల్లేదు. మూసి, హారతిచ్చి, దండం పెట్టుకున్నాను.

తెల్లారగానే పందులొచ్చాయి. ఎనిమిది. పండక్కి వచ్చిన అమ్మాయి వాళ్లు ఇంట్లోనే ఉన్నారు. తుపాకీ తెచ్చి గట్టు మీద నిలబడి తూటా పెట్టబోతే లోపలికి పోలేదు. పిడి లాగాను. కదల్లేదు. గంధం ఎండి సిమెంటులా బిగుసుకుంది.

అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశారు అత్తయ్యా?"

"పూజ చేశాను."

"లోపల కూడానా?"

"కొత్తవి లోపలేగా ఉన్నాయి!"

అతను తల పట్టుకున్నాడు. "ఇన్ని నెలలు టెస్ట్ చేశాం. ఇది మా లిస్టులోనే లేదు."

పెద్ద పంది ఒకటి తలెత్తి మమ్మల్ని చూసి, మళ్లీ తినసాగింది.

వెనకాల తలుపు ధన్‌మంది. అమ్మాయి. చెవిలో హైదరాబాద్ టీంతో మీటింగు, చేతిలో కాఫీ కప్పు. కప్పు విసిరేసి తిన్నగా మడిలోకి దిగింది.

"మీ మొహాలు మండ! మా అమ్మ బిందెలతో నీళ్లు మోసి పెంచిందే! దొంగ ముండల్లారా! పొండే!"

అది అంత గొంతు ఎత్తగా నేనెన్నడూ వినలేదు. పందులూ విని ఉండవు. కంపల్లోకి పారిపోయాయి. వాటి వెనకే పోయి అది బురదలో బోర్లాపడింది.

"మ్యూట్! మ్యూట్ పెట్టు!" అని అల్లుడు అరుస్తున్నాడు.

అది లేచి మడి అంతా చూసింది. ఇంకొక్కసారి అన్న ఆ ఒక్కసారి వచ్చేసింది కదా.

"సగం బాగానే ఉంది," అంది చివరికి. మొగుడి వైపు తిరిగి, "ఆ తుపాకీ పక్కన పడేసి కంచె వేసేవాళ్లకి కాల్ చెయ్. ఇనప కంచె. ఈ వారమే," అంది.

"మరి సేల్ సంగతో?" అన్నాను.

"అబ్బా, ముందు ఇది కానీమ్మా!"

చెవిలోది పీకి జేబులో పడేసి, వేళ్లు తెగని మొక్కలు ఏరి మళ్లీ నాటడం మొదలుపెట్టింది. మరీ దగ్గర దగ్గరగా నాటుతోంది. నాటనీలే అనుకుని వెళ్లి బిందె తెచ్చాను.