ఐదేండ్ల కౌలుకు ఒక బ్యాట్స్‌మన్

మా కాలంలో, అంటే మరీ తాతల నాటి కాలం కాదు, చేతుల్లోకి అప్పుడప్పుడే టచ్ ఫోన్లు వచ్చి, రీఛార్జికి డబ్బుల కోసం ఇంట్లో అబద్ధాలాడుతున్న కాలంలో, బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో కుర్రవాడి విలువ రెండు చోట్ల తేలేది. ఒకటి నాట్ల రోజుల్లో ట్రాక్టర్ మీద. రెండోది టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటులో. నేను అప్పటికే ట్రాక్టర్‌ను రెండుసార్లు కాలువలోకి దించి ఉన్నాను కాబట్టి నా పరువంతా రెండోదాని మీదే ఆధారపడి ఉండేది. (రెండుసార్లూ కాలువలో నీళ్లు లేవు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పరు.) మా ఊరి టీముకు నేను కెప్టెన్‌ని. అంత గొప్పగా ఆడి కాదు, గ్రౌండు మా పెద్దబాపుది కావడం వల్ల.

మా నాన్నకు అన్న అయిన ఈ పెద్దబాపుకు కాలువ కట్ట పక్కన రెండెకరాల మెరక ఉండేది. కాలువ నీళ్లు దాని మీదికి ఎక్కవు, మోటరు పెట్టి పారించేంత ఓపిక ఆయనకు లేదు, అందుకని ఏళ్ల తరబడి పడావు పడి ఉంది. మేం తుమ్మ కంపలు కొట్టేసి దాన్ని గ్రౌండు చేసుకున్నాం. ఊరికి తారు రోడ్డు వేయడానికి రోడ్డు రోలరు వచ్చినప్పుడు దాని డ్రైవరుకు కోడికూర తినిపించి, మధ్యాహ్నమంతా మా పిచ్ మీద అటూ ఇటూ తిప్పించాం. ఆ సాయంత్రం పిచ్ మీద గడ్డపార వేస్తే ఖణేల్‌మంది. జిల్లాలో అంత గట్టి పిచ్ ఇంకొకటి ఉండదని చెప్పుకుని తిరిగేవాళ్లం. నా ఇరవై అయిదేళ్ల జీవితంలో నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గ్రౌండు ఒక్కటే.

ఒక ఎండాకాలం మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్‌లో టోర్నమెంటు చూడ్డానికి వెళ్లాం. అక్కడొక భారీ మనిషి, నల్లగా నిగనిగలాడే జుట్టుతో, బ్యాటును పలుగులా పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన మొదటి బంతినే ఎత్తి కొడితే అది గ్రౌండు దాటి, రోడ్డు దాటబోయి, అటుగా వెళ్తున్న లారీలో పడి నాందేడ్ వైపు వెళ్లిపోయింది. రెండో బంతి ఎవరూ తేలేదు కాబట్టి మ్యాచ్ అంతటితో అయిపోయింది. ఆ రోజు నుంచి ఆయన మాకు నాందేడన్న. ఇంటికొచ్చి పెద్దబాపుకు చెబితే, ఆయన చుట్ట పక్కన పెట్టి, "గంత పెద్దగ కొడుతడా? తోలుకరాండ్రి మల్ల" అన్నాడు. పంటకు పది బస్తాల వడ్లు ఇస్తామంటే నాందేడన్న సంతోషంగా వచ్చాడు. మాలో పది ఇళ్ల నుంచి ఇంటికొక బస్తా వచ్చేటట్టు మాట్లాడుకున్నాం.

ఆ యేడు మేం కప్పు గెలిచాం. అదీ క్యాంపు టీము మీద. (కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ల పల్లెను మా దగ్గర క్యాంపు అంటారు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా అది క్యాంపే.) నాందేడన్న కొట్టిన సిక్సర్లలో రెండు బంతులు ఇప్పటికీ చెరుకుతోటలోనే ఉన్నాయి. ఊరేగింపులో ఆయన్ను భుజాల మీద ఎత్తుకుని నలుగురం నాలుగు రోజులు నడుం పట్టుకుని తిరిగాం. మా పెద్దమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఒరే, గాయిన జుట్టు రంగు మెడ మీదికి కారుతున్నదిరా. నా లగ్గమైన ఏడే గీయిన మద్నూర్ల ఆడుతుండెనని మా తమ్ముడు జెప్పిండు" అంది. నాందేడన్న వయసు ముప్పై రెండు. ఆయనే చెప్పాడు. మేం పెద్దమ్మను ఊరుకొమ్మన్నాం.

తర్వాతి వారం మా వికెట్ కీపర్ రొప్పుకుంటూ వచ్చి, బాన్సువాడ బస్టాండు దగ్గర క్యాంపు టీము కెప్టెన్ నాందేడన్నకు చాయ్ తాగిస్తుండగా కళ్లారా చూశానని చెప్పాడు. సమోసా కూడా పెట్టించాడట. ఆ సమోసాతో మా గుండెలు జారిపోయాయి. రాత్రికి రాత్రే పెద్దబాపు వాకిట్లో పదిహేను మందిమి కూర్చున్నాం. ఆటగాళ్లతో ఒప్పందాలు ఎలా చేసుకుంటారో మాకెవరికీ తెలియదు. మాకు తెలిసిన ఒప్పందం ఒక్కటే, పొలం కౌలు. దాని మర్యాద చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. పంటకిన్ని బస్తాలని మాట్లాడుకోవాలి, పండినా ఎండినా కౌలు కొలిచివ్వాలి, గడువు తీరేదాకా ఇచ్చినవాడు వెనక్కి అడగకూడదు, పట్టినవాడు వదిలేసి పోకూడదు. పెద్దబాపు తేల్చి చెప్పేశాడు. "ఏడాదికేడాది మాట్లాడితే రేటు పెంచుకుంట పోతరు. ఐదేండ్లకు ఒక్కసారే పట్టుండ్రి. పంటకు ఇరవై బస్తాలు. నేను మధ్యల ఉంట." భూమికి వయసు రాదు, మనిషికి వస్తుందన్న చిన్న తేడా ఆ వాకిట్లో ఒక్కరికీ తోచలేదు. తెల్లారి నాందేడన్న వచ్చి, వింటూ వింటూ కళ్లు తుడుచుకుని, "పాంచ్ సాల్? నాకు గిన్నేండ్లు పని ఇస్తమని ఇంతవరకు ఎవ్వలు అనలేదు తమ్మీ" అన్నాడు. మేం ఎంత గొప్ప బేరం చేశామో అనుకుని పొంగిపోయాం.

(ఆ తర్వాత రెండేళ్లకు క్యాంపు కెప్టెన్‌ను ఎరువుల దుకాణంలో కలిసినప్పుడు ఆ చాయ్ సంగతి అడిగాను. "మేం ఆయన్ని అడగలేదండీ బాబూ! ఆ బ్యాటు ఎక్కడ కొన్నాడో కనుక్కుందామని చాయ్ ఇప్పించాం. ఎంతకీ చెప్పడే, రెండు సమోసాలు తిన్నాడు కూడాను!" అన్నాడు. ఆ రోజు యూరియా తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.)

ఒప్పందం అయిన తర్వాతి సీజనులో నాందేడన్న మోకాలికి పట్టీ వేసుకుని దిగాడు. ఆ తర్వాతి యేడు రెండు మోకాళ్లకూ వేసుకున్నాడు. బంతి ఆయన పక్కనుంచి వెళ్తుంటే వంగకుండా, బంధువును సాగనంపుతున్నట్టు మర్యాదగా చూసేవాడు. మ్యాచ్‌కు ఒక్క సిక్సర్ మాత్రం కొట్టేవాడు, ఆ మరుసటి బంతికి అవుటయ్యేవాడు. పరుగు తీయమంటే, బస్సును ఆపుతున్నట్టు చెయ్యి ముందుకు చాపి "థాంబ్! థాంబ్!" అనేవాడు. ఆగమని మరాఠీలో అర్థం. మా టీము మొత్తం ఐదేళ్లలో నేర్చుకున్న మరాఠీ అదొక్కటే. భోజనం దగ్గర మాత్రం ఆయన ఫామ్ ఏ మాత్రం తగ్గలేదు. ఇళ్ల దగ్గర గొడవలు మొదలయ్యాయి. మా అమ్మ వడ్ల బస్తా మీద కూర్చుని లేవనంది. "మీకు ఆట గావాలె, మాకు బువ్వ గావాలె. గా ముసలోడికి నేనెందుకు కొలవాలెరా?" పెద్దబాపు దగ్గరికి వెళ్లి ఒప్పందం తెంపేద్దామని గునిశాం. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "పంట ఎండిందని కౌలు ఎగ్గొడ్తమార? మన ఇంట్ల గా పని ఎవడన్న జేసిండా?" అన్నాడు. తర్వాత చివరి మాట చెప్పాడు. ఈసారి ఫైనల్ గెలిస్తే ఊళ్లో నలుగురిని తనే ఒప్పించి వడ్లు పోగు చేయిస్తాడు. ఓడితే వానకాలానికి గ్రౌండు దున్ని, మోటరు పెట్టి వరి వేయిస్తాడు. ఆ వడ్లతోనే నాందేడన్న కౌలు కట్టాలి.

ఆటగాడి జీతం కోసం ఆట స్థలంలోనే వరి వేయాలన్నమాట.

ఫైనల్ మళ్లీ క్యాంపు మీదే. ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి. బ్యాటింగ్ నాందేడన్నది, అవతలి కొసన నేను. గ్రౌండు చుట్టూ ఊరంతా ఉంది, పెద్దబాపు కట్ట మీద తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చున్నాడు. బంతి వచ్చింది. నాందేడన్న కొట్టాడు. నిజం చెప్పొద్దూ, అంత అందమైన దెబ్బ నేను మళ్లీ చూడలేదు. బంతి ఫీల్డర్ల మధ్యలోంచి నేల మీద దూసుకుంటూ కాలువ వైపు వెళ్లింది. బౌండరీకి ఇవతలే ఆగింది గానీ అక్కడొక్క ఫీల్డరు లేడు. రెండు కాదు, మూడు పరుగులు నడిచి తీయొచ్చు. నేను కళ్లు మూసుకుని పరుగెత్తాను. పిచ్ మధ్యలో నాందేడన్నను దాటాను. అవతలి కొస తాకి వెనక్కి తిరిగి, మళ్లీ పరుగెత్తుకొస్తూ పిచ్ మధ్యలో మళ్లీ ఆయన్నే దాటాను. ఆయన అక్కడే ఉన్నాడు. మోకాలి పట్టీ చీలమండ మీదికి జారింది, ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి నా వైపు. "థాంబ్, తమ్మీ... థాంబ్." "అన్నా, దండం పెడత, పోరాదే!" అని అరిచాను. ఆయన ఒక అడుగు వేశాడు, నా వంక చాలా ప్రేమగా చూశాడు, కూర్చున్నాడు. క్యాంపువాళ్లు బంతి తెచ్చి, తొందరేమీ లేకుండా వికెట్లు పడగొట్టారు. ఒక్క పరుగుతో ఓడిపోయాం. పెద్దబాపు లేచి తువ్వాలు దులుపుకుని, "రేపొద్దున ట్రాక్టర్ తోలుకరా" అన్నాడు నాతో.

ట్రాక్టర్ తోలింది నేనే. ఇంకెవరితోనూ తోలించనన్నాడు పెద్దబాపు. గ్రౌండు మొదట్లోకి రాగానే ఎదురుగా నాందేడన్న బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్నాడు, మద్నూర్ నుంచి తెల్లవారుజామున లారీ ఎక్కి వచ్చాడట. "ఒక్కటంటే ఒక్క బాల్ వెయ్ తమ్మీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా దిగి వేశాను. ఆయన కొట్టాడు. బంతి కాలువ దాటి, కాలువ అవతలి కట్ట దాటి, చెరుకుతోట మీదుగా పోయి కనిపించకుండా పోయింది. "గిది నిన్న గొట్టాల్సింది గదనే!" అన్నాను, ఏడుపు ఆపుకోలేక. "నిన్న ఫికర్ ఉండె తమ్మీ. ఇయ్యాల ఇగ ఫికర్ ఏముంది?" అన్నాడు ఆయన, కట్ట మీద కూర్చుంటూ. నేను ట్రాక్టర్ ఎక్కి దున్నాను. రోడ్డు రోలరు తిరిగిన చోట నాగలి దిగలేదు, ఎగిరెగిరి పడింది. నేను ఏడుస్తూనే ఆ ఒక్కచోట నాలుగు సాళ్లు తిప్పాను. ఈసారి కాలువలోకి మాత్రం దించలేదు.

గడువులో మిగిలిన మూడేళ్లూ నాందేడన్న ప్రతి పంటకూ వచ్చాడు. ఊరికే బస్తాలు ఎత్తుకుపోవడానికి వస్తే తిట్టుకోవడానికైనా బాగుండేది. ఆయన ప్యాడ్లు, బ్యాటు, నల్లగా వేసిన జుట్టుతో, "మ్యాచ్ ఎక్కడ తమ్మీ?" అంటూ వచ్చేవాడు. మ్యాచ్ లేదంటే నొచ్చుకునేవాడు. "వట్టిగ ఎట్ల తీస్కుంట? మాట మాటే గద" అని, రోడ్డు మీద ఆరబోసిన మా వడ్ల దగ్గర సాయంత్రం దాకా నిలబడి కోళ్లనూ బర్రెలనూ తరిమేవాడు. అది ఫీల్డింగట. అందులోనూ బర్రె దగ్గరికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. ఆఖరి పంట నాడు బస్తాలన్నీ ఆటోలో వేశాక, కాసేపు నసిగి, "తమ్మీ, పెద్దబాపును అడుగు... ఇంకో రెండేండ్లు పెంచుతడా?" అన్నాడు. ఐదేళ్లుగా లోపల దాచుకున్న తిట్లన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ నల్లటి రంగు చెమటకు ఆయన చెవి పక్కగా కారుతోంది. "అడుగుత అన్నా" అన్నాను. అడగలేదు. ఆయన కూడా ఆ తర్వాత రాలేదు.

ఆ మడిలో ఇప్పుడు రెండు పంటలూ వరే. పిచ్ ఉన్నంత మేర మాత్రం పైరు జానెడు పొట్టిగా, పాలిపోయి ఉంటుంది, ఎంత ఎరువు వేసినా అంతే. మొన్న యాసంగి కోతలయ్యాక బండి మీద అటు వెళ్తుంటే, కొయ్యకాళ్లు పొట్టిగా ఉన్నాయని కాబోలు, ఊరి కుర్రాళ్లు సరిగ్గా ఆ చోటే వికెట్లు పాతి ఆడుతున్నారు. నాకు కాలు నిలవలేదు. "ఒక్క బాల్ ఆడనిస్తరార?" అన్నాను. ఇచ్చారు. గట్టిగానే తగిలింది, మడి అంచు దాకా వెళ్లింది. అవతలి కొస కుర్రాడు "రా కాకా, రా!" అంటూ దూసుకొచ్చాడు. నేను నాలుగు అడుగులు వేశాను. మోకాలు కలుక్కుమంది. నా చెయ్యి దానంతట అదే ముందుకు లేచింది. "థాంబ్, థాంబ్" అన్నాను.

వాళ్లు నావైపు చిత్రంగా చూశారు. "నీకెన్నేండ్లు కాకా?" అని ఒకడు అడిగాడు. పోయిన నెలలో నాకు ముప్పై తొమ్మిది నిండాయి. "ముప్పై రెండు" అన్నాను.

వాడు నా జుట్టు వంక కాసేపు చూసి, "సరే గానీ, నువ్వు అంపైరుగ నిలబడు కాకా" అన్నాడు. వెళ్లి నిలబడ్డాను. కాళ్ల కింద నేల ఇంకా గట్టిగానే ఉంది.