పేర్లు లేని గ్రామఫోను రికార్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సినిమా మాట ఎత్తకూడదు. మా తాతయ్య కళింగపట్నంలో బాప్టిస్టు సంఘపెద్ద. ఆయన దగ్గర ఒకే ఒక్క గ్రామఫోను రికార్డు ఉండేది. ఇద్దరు ఆడపిల్లలు ప్రభువును స్తుతిస్తూ పాడిన పాట. దాని మీద పాడినవాళ్ల పేర్లు లేవు. ఆదివారం ఆరాధన అయ్యాక తాతయ్య దాన్ని పెడితే, ఒడ్డున చేపలు ఎండబెట్టేవాళ్లు కూడా వచ్చి గుడి గుమ్మంలో కూర్చునేవారు. ఆ గొంతులు పరలోకం నుంచే వస్తున్నాయని నేను నిజంగా నమ్మేదాన్ని.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు ఒక కుర్రాడు ఆ రికార్డు పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. సినిమాల్లో గొప్ప పేరు తెచ్చుకున్న అక్కాచెల్లెళ్ల తొలి పాట అదేనట. "ఇది ఎలా పుట్టిందో మీకేమైనా తెలుసా, మామ్మగారూ?" అన్నాడు. తెలుసు. తెలిసిన రోజు ఎలా మరిచిపోతాను?

ఆ రోజు మా మేనత్త నరసన్నపేట సంతకు వెళ్లి, ముఖం పాలిపోయి తిరిగొచ్చింది. టాకీసు మైకులో, ఏదో ప్రేమపాటలో, ఆ గొంతులే వినిపించాయట. సంచి గుమ్మంలోనే పడేసి, రికార్డు తీసుకుని రుబ్బురోలు దగ్గరికి నడిచింది.

"ఇన్నాళ్లూ గుడిలో సినిమావోల పాట ఇన్నాం నానా! ఇరగ్గొట్టేస్తాను."

తాతయ్య మండిపడతారనుకుంటే, నవ్వారు.

"గొంతు గుర్తుపట్టడానికి టాకీసు కాడ ఎంతసేపు నిల్సున్నావే?"

అత్త ఎత్తిన చెయ్యి దించింది. "ఇరగ్గొడుదువు గానీ, ముందు ఓపాలి సివరిదాకా ఇను" అంటూ ఆయన రికార్డు అందుకుని ముల్లు పెట్టారు.

పాట ముగిసింది. గరగర మధ్యలో ఎవరో సన్నగా దగ్గారు.

"అది మీయమ్మ" అన్నారు తాతయ్య.

అత్త రోలు పక్కనే కూలబడిపోయింది. ఆమెకు ఊహ తెలియకముందే మా నాయనమ్మ కన్నుమూసింది. నాయనమ్మ గొంతు ఎలా ఉండేదో తాతయ్యకు తప్ప మాలో ఎవరికీ తెలియదు. మిషన్ హాస్టల్లో చదువుకున్న ఆ పిల్లలకు పాట నేర్పింది, రికార్డింగుకు మద్రాసు తీసుకెళ్లి పక్కన హార్మోనియం వాయించింది నాయనమ్మేనట. అప్పటికే జబ్బుమనిషి.

"పిల్లలు సినిమాలకెల్లారని ఎప్పుడో తెలుసు. ఆళ్ల కోసం రోజూ పార్తన సేస్తన్నాను. మీయమ్మ సంగతంతావా, దేవుడి పాటలో నా ఏడుపు కలపడం ఎందుకని సెప్పలేదు."

ఇంకోపాలి పెట్టమని అత్త అడగలేక అడిగింది.

మా ఇంటికొచ్చిన కుర్రాడు తన ఫోనులో ఆ పాట వినిపించాడు. దగ్గు అందులోనూ ఉంది. అది ఎవరిదో చెప్పేసరికి అతని కలం ఆగిపోయింది. మా నాయనమ్మ పేరు దగ్గరుండి రాయించాను.

ఆ రికార్డు రోలు మీద ముక్కలై ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. సంఘంలో ఎవరైనా తప్పు చేశారని, రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా ప్రభుబల్లకు దూరం పెట్టాలన్న మాట వస్తే నేను వెంటనే ఔననను. వాళ్లింటికి వెళ్లి, వాళ్లు చెప్పేదంతా చివరిదాకా వింటూ కూర్చుంటాను. అయ్యాక కూడా కాసేపు లేవను.