మల్లెమొగ్గలు, గొట్టం గోలీలు

మల్లెపూల బండి మా గల్లీలకు వచ్చిందంటే నేను లోపలికి పోత. పూలంటే పడక కాదు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, డెబ్బై దాటిన ఈ ఒంట్ల గూడ రొమ్ములు బరువెక్కినట్టయితది, రైక తడిసిందేమోనని చెయ్యి దానంతటదే పోతది. చెప్తే నవ్వుతరు. నవ్వనీ, నాకేంది!

అరవైతొమ్మిది ఎండకాలం అది. తెలంగాణ లొల్లి జోరు మీదుండె. బళ్లు బందు, బస్సులు బందు, రైలు వస్తే వచ్చినట్టు లేకుంటే లేదు. పాలకుర్తికి ఇవతల మా ఊరు. మా ఇంటాయన బడిపంతులు, బడి లేక ఇంట్లనే ఉంటుండె. మా మరిది జులూసుల పోయి జైళ్ల పడ్డడు. ఇంట్ల మా అత్త, నేను, నా మూడు నెలల బిడ్డ, మా మరిది పెండ్లాం. ఆమె నాకు యారాలు. నన్ను అక్క అంటది, నేను చెల్లె అంట.

చెల్లెకు ఆ నెలల్నే కొడుకు పుట్టిండు. పురుడు కాకముందే పోయిండు. జైళ్ల ఉన్న తండ్రి వాని మొకం గూడ చూడలే. పిల్లగాడు పోయిండని పాలకు ఎవరు చెప్తరు? అవి వస్తనే ఉండె. మా దిక్కు అట్లైతే మల్లెమొగ్గలు రొమ్ములకు పెట్టి, మీదికెంచి పాతచీర పేలిక బిగిచ్చి కడ్తరు. పాలు ఎనుకకు మర్లుతయంటరు. మా పెరట్ల మల్లెచెట్టు మా అత్త పెట్టింది, గుత్తులు గుత్తులు పూస్తది. ఆ ఏడు దాని పూలు ఎవరి నెత్తికీ ఎక్కలే, అన్నీ చెల్లె పేలికలకే పోయినయి.

గంతల్నే నాకు జరం వట్టింది. దిగని జరం. మంచంల పండితే పైన దూలాలు మెల్లమెల్లగ కదిలేటియి. ఇంట్లోళ్ల మాటలు బాయి అడుగుకెళ్లి వస్తున్నట్టు వినవడేటియి. కడుపుల ఒకటే నొప్పి. కషాయాలు అయినయి, దిష్టి తీసుడు అయింది. ఇగ లాభం లేదని మా ఇంటాయన ఎడ్ల కచ్చరం కట్టించి, నన్ను, పిల్లను జనగామకు తోలుకపోయిండు.

ఆ తొవ్వ నాకు సగం కలలెక్కనే యాదికున్నది. యాపపూత వాసన, ఎద్దుల మెడల గంటలు, నా పక్కన నిద్రవోతున్న పిల్ల ఊపిరి. ఒకకాడ పిలగాండ్లు తొవ్వకు అడ్డంగ మొద్దు ఏసి నినాదాలు ఇస్తుండ్రి. కచ్చరం లోపలికి తొంగి చూసి, "అరే, బాలింతరా" అని వాళ్లే మొద్దు దొర్లిచ్చిండ్రు. ఒకడు చెంబుల నీళ్లు తెచ్చిండు. కచ్చరం కదిలినంక గూడ ఆ నినాదాలు చాలాసేపు జోల పాడినట్టు వినవడ్డయి.

దవాఖానల డాక్టరు సాబు పెద్దమనిషి. నాలుక చూసిండు, కడుపు ఒత్తి చూసిండు. మా ఇంటాయనతోని గాదు, నాతోనే మాట్లాడిండు. అది నాకు నచ్చింది.

"టైపాయిడ్ తల్లీ. పేగులల్ల పుండ్లు చేసే పురుగు ఇది. ఊకుంటే పేగుకు చిల్లు పడొచ్చు. పడ్డదంటే నా చేతుల ఉండది. మందు లేదా అంటే ఉన్నది" అని సీసల గొట్టం గోలీలు చూపిచ్చిండు. "గని దీంతోని రెండు తిప్పలున్నయి. ఎవరికో ఒకరికి, చానా తక్కువ మందికి, ఇది ఒంట్ల రక్తం పుట్టుడే ఆపుతది. నడుమ నడుమ రక్తం చూపిచ్చుకోవాలె. చూసేటోళ్లు వరంగల్ల ఉన్నరు, తొవ్వలేమో గిట్లున్నయి. ఇంకోటి, ఈ మందు పాలల్లకు దిగుతది. గింత పిల్ల తట్టుకోదు. గోలీ మింగుడు సురువు చేస్తే నువ్వు పాలియ్యొద్దు."

"మీరైతే ఏం చేస్తరు సాబ్?" అని మా ఇంటాయన అడిగిండు.

"నేనైతే మింగుమంట. గని పిల్లకేం తాపుతరో ముందుగాల చూసుకోండ్రి. ఈ ఎండలల్ల పైపాలంటే నాకు భయం."

ఇంటికొచ్చినంక ఆ సీసను గూట్ల పెట్టిండ్రు. నేను పండుకొని దాన్నే చూసుడు. మా అత్త మేకపాలు కాచి, నీళ్లు కలిపి, పిల్లకు గుడ్డపీలికతోని తాపింది. మాపటియాళ్లకు వాంతులు, నీళ్లవిరేచనాలు. పిల్ల మెడ వాల్చేసింది. నా పానం పానంల లేదు.

"మేకపాలు గాకుంటే ఆవుపాలు పడ్తయి. ముందుగాల నువ్వు గోలీ మింగు" అన్నది మా అత్త. "ఆడపిల్లేనాయె. నువ్వుంటే ఇంకోళ్లు పుడ్తరు."

చెంబు చేతికందితే చెంబే ఇసిరిన. "ఆడపిల్లైతే పానం గాదా అత్తా? నువ్వు ఆడదానివి గావా? మింగ! నా బిడ్డను సంపుకొని నేను బతుకుడేంది!" నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు అప్పుడూ మంచిది గాదు, ఇప్పుడూ గాదు. మా అత్త చెడ్డది గాదు పాపం. ఆమె ఇద్దరిని మన్నుల పెట్టిన తల్లి, ఆమె లెక్క ఆమెది.

కోపంల మింగనంటి గని, జరంల అదే ఆలోచన గానుగలెక్క తిరుగుతుండె. మింగితే పిల్లకు పాలు లేవు. మింగకుంటే నేను లేను, నేను లేనంక పాలెక్కడియి? ముందు నుయ్యి, ఎనుక గొయ్యి. ఆ రక్తం సంగతైతే దాని వంతు రానేలేదు. నా రక్తం ఏమైతే నాకేంది అనిపిచ్చింది.

గప్పుడు మల్లెల వాసనొచ్చింది. చెల్లె నా నెత్తి మీద తడిగుడ్డ ఏసుటానికి వంగింది. పక్క అర్రల నా బిడ్డ ఏడుస్తున్నది. నేను కండ్లు తెరిచి చూస్తే చెల్లె ఎద మీద పేలిక తడిసిపోయి ఉన్నది. మొగ్గలు దాటి, పేలిక దాటి, చీరకొంగు దాకా తడి. నా బిడ్డ గొంతెత్తినప్పుడల్ల ఆ తడి ఇంకింత పారుతుండె. ఆమె కొంగు కప్పుకున్నది, ఏదో తప్పు చేసినట్టు.

బిడ్డ పోయిన తల్లి పాలు ఇంకో బిడ్డకు మంచిది గాదని మా ఊర్లె మాట. ఆ మాట నా లోపల గూడ గుచ్చింది, అబద్ధమెందుకు. గని పేగు చిల్లు ఒక దిక్కు, గోలీ దిగిన పాలు ఒక దిక్కు, పిల్ల కక్కుకున్న మేకపాలు ఒక దిక్కు. అన్ని భయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇదే చిన్న భయమనిపిచ్చింది.

"చెల్లె, గా పూలు ఇప్పెయ్" అన్న.

ఆమెకు అర్థమైంది. మొకం తెల్లవడ్డది. "వద్దక్కా. నావి మంచి పాలు గావట. నా కొడుకునే నిలుపుకోకపోతి."

"నీ కొడుకు పాలతోని పోలే. వానికి పుట్టుకతోనే ఊపిరి ఆడలేదని మంత్రసాని చెప్పలేదా? అడగందే అమ్మయినా పెట్టదంటరు. నేను అడుగుతున్న. నా బిడ్డకు పాలియ్యి."

చెల్లె దర్వాజ దిక్కు చూసింది, అత్త ఉన్నదేమోనని. తర్వాత ముడి ఇప్పింది. వాడిన మొగ్గలు నా మంచం మీద జలజల రాలినయి. పోయి పిల్లను తెచ్చి నా కాళ్లకాడ కూసున్నది. మొదట పిల్ల గుంజింది, ఏడ్చింది, మళ్ల గుంజింది. నేను ఊపిరి పట్టుకొని ఇన్న. ఆఖరుకు ఒక గుటక వినవడ్డది. దాని ఎంబడి ఇంకోటి. చెల్లె కండ్లల్లకెళ్లి నీళ్లు కారి పిల్ల చెంప మీద పడుతున్నయి, ఆమె తుడ్వలే. నేను లేసి, గోడ పట్టుకొని, గూట్లెకెళ్లి గోలీ తీసి మింగిన.

మా అత్త వచ్చి చూసి, "ఎంత పని జేస్తిరే!" అని దర్వాజ కడప మీద కూలవడ్డది. గని పిల్లను మాత్రం గుంజుకోలే.

తర్వాత రోజులు నాకు పొగమంచుల నడిచినట్టే ఉన్నయి. డబల్ రొట్టె పాలల్ల నానేసుకొని తినుడు, పండుడు. ఇప్పటికీ డబల్ రొట్టె చూస్తే నాకు కడుపుల తిప్పుతది. రక్తం చూపిచ్చుటానికి వరంగల్ పోయే తొవ్వ లేకపాయె, పొద్దున్నే మా ఇంటాయన నన్ను ఎలుతురుకు తిప్పి కంటిరెప్ప కిందికి గుంజి చూసేటోడు. "ఎర్రగనే ఉన్నదా?" అంటే "ఎర్రగనే ఉన్నది" అనెటోడు. ఒకనాడు పండ్లు తోముకుంటుంటే నెత్తురు వచ్చింది. ఇల్లంత పరేషాన్. మా ఇంటాయనైతే కచ్చరం కట్టుమని ఉరికిండు. చూస్తే యాపపుల్ల చిగురుకు గుచ్చుకున్నది, అంతే.

నాకు గూడ మల్లెలు కడ్తనని మా అత్త వచ్చింది. కట్టనియ్యలే. నా పాలు పిండి మల్లెచెట్టు మొదట్ల పోసేదాన్ని. పాలు తొక్కుళ్ల పడొద్దంటరు. నొప్పికి పండ్లు కొరుక్కుంట పిండుకున్న. అవి ఆగితే నా బిడ్డ మళ్ల నాది గాదేమోనని నా భయం.

జరం దిగింది, గోలీలు ఒడిసినయి. మా ఇంటాయన జనగామ పోయి అడిగొచ్చిండు, ఇగ నేను పాలియ్యొచ్చంట. పిల్ల అప్పటికి బుగ్గలు తేలి, చెల్లె గొంతు వింటే కాళ్లు కొట్టుకునేది.

"దేవుడు సల్లగ చూసిండు" అన్నది మా అత్త మాపటిపూట. "రేపటి నుంచి పిల్ల తల్లి దగ్గరనే ఉంటది. చిన్న కోడలికి మళ్ల పూలు కట్టాలె."

చింతపండు గింజలు తీస్తున్న చెల్లె చెయ్యి ఆగింది. "సరే అత్తమ్మా" అన్నది. పిల్ల నిద్రవోయినా ఒళ్లెకెళ్లి దించలే.

నాకు నా బిడ్డ కావాలె. ఒళ్లంత నోరు చేసుకొని కావాలె. గని ఆ పేలిక మళ్ల బిగుసుడు తలుసుకుంటే నాకే ఊపిరాడలే.

తెల్లారకముందే లేసిన. కాళ్లు వణుకుతుంటే చెట్టు పట్టుకొని నిలవడ్డ. విచ్చినయి, విచ్చనియి, రేపటికి పూసే పచ్చిమొగ్గలు, ఒక్కటి ఇడవకుంట అన్నీ తెంపిన. కూసొని దండ అల్లిన. నా నెత్తిల పెట్టుకుందామంటే జరానికి ఎంటికలు పోయి దండ నిలువలే. చెల్లె వాకిలి ఊడుస్తుంటే కూసోపెట్టి, ఆమె జడల దండంత చుట్టిన.

"నాకెందుకక్కా పూలు?"

"ఊకో."

మా అత్త ఉతికి మడతపెట్టిన పేలిక పట్టుకొని పెరట్లకు పోయి, ఉత్త చేతులతోని వచ్చింది. "పూలేవే?"

"చెల్లె నెత్తిల ఉన్నయి అత్తా."

"మరి కట్టుటానికి?"

"కట్టేది లేదు. పొద్దటి పాలు ఆమెయి, మాపటియి నాయి."

గంతల్నే పిల్ల లేసి ఏడ్చింది. మా ఇద్దరి రైకలూ ఒక్కసారే తడిసినయి. మా అత్త పిల్లను ఎత్తుకొని నా దిక్కు చూసింది, చెల్లె దిక్కు చూసింది. తర్వాత పోయి పిల్లను చెల్లె ఒళ్లె పండవెట్టింది. చేతిల ఉన్న పేలికతోని కండ్లు తుడుసుకొని, "జర తలకాయ ఎత్తి పట్టుకో బిడ్డా, పొలమారుతది" అన్నది.