జర్మనీ వెళ్ళిన మామ్మగారి ఫోటో

తణుకు బెల్లం వ్యాపారి రామకృష్ణగారు ఫోన్ చేసి, "మన బెల్లంపొడి జర్మనీ వెళ్తోందండి, పూజకి తప్పకుండా రావాలి" అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన ప్యాకెట్లకి లేబుళ్ళు వేసింది నేనే. జర్మనీ ప్యాకెట్ పని మాత్రం శ్రీధర్‌కి ఇచ్చారు. నా దగ్గరే పని నేర్చుకుని, ఆ దేశంలో రెండేళ్ళుండి వచ్చినవాడు. ఇక్కడి లేబుల్ కూడా అతని చేతికే పోతుందేమోనని నా బెంగ.

ఉదయం ఏడింటికి రాజమండ్రిలో ప్యాసింజర్ ఎక్కాను. స్టేషన్లో కొన్న ఇడ్లీ సగం వదిలేశాను, పాపం ఇడ్లీ మంచిదే. మీరెవరైనా ఈ దారిన వెళ్తే కిటికీ పక్కన కూర్చోండి, వంతెన మీద గోదావరిని తనివితీరా చూడొచ్చు.

కొవ్వూరులో ఎక్కిన టీచరుగారి సంచిలో మా బెల్లం ప్యాకెట్ కనబడింది. అదే ఎందుకు కొంటారని అడిగాను.

"దండేసిన మామ్మగారి ఫోటో ఉంటేనే అసలుదండి. లేకపోతే మా అత్తగారు ఇంట్లోకి రానివ్వరు."

రామకృష్ణగారి అమ్మగారి ఫోటోకి ఆ దండ వేసింది నేనే, కంప్యూటర్లో. నిడదవోలు దాటేవరకూ హుషారుగా ఉన్నాను.

తణుకులో దిగి ఆటోలో గోడౌన్‌కి చేరాక కొత్త ప్యాకెట్ చూశాను. మట్టిరంగు సంచి, మధ్యలో ఒక్క చెరుకు గడ గీత, కింద చిన్న అక్షరాల్లో ఊరి పేరు. దేవుడు లేడు, మామ్మగారు లేరు, "నంబర్ వన్" లేదు. రామకృష్ణగారు అంత జాగా ఖాళీగా వదలనిచ్చారని ఒళ్ళు మండిపోయింది. నేను వేలెడు జాగా వదిలితే, "ఇక్కడ మా బావమరిది ఫోటో పడుతుందేమో చూడండి" అనే మనిషాయన!

"ఏంటయ్యా, దీనిమీద ఏమీ లేదు?" అన్నాను శ్రీధర్‌తో.

"నంబర్ వన్ అని రాస్తే అక్కడ రుజువు అడుగుతారు గురువుగారూ. దండేసిన ఫోటో పంపిస్తే, ఇది చనిపోయినవాళ్ళకి పెట్టేదా, మేం తినొచ్చా అని అడిగారు."

"ఇది మనవాళ్ళకి చూపిస్తే, లోపల ఏమైనా ఉందా అని అడుగుతారు."

"నిజమేనండి" అని నవ్వాడు. ఆ వినయం చూసి ఇంకా మండింది.

కొబ్బరికాయ కొట్టాక రామకృష్ణగారు మొదటి అట్టపెట్టె వెంటనే మూయలేదు. "మా అమ్మ లేకుండా ఏ లోడూ కదల్లేదండి" అంటూ నా లేబుల్ ఒకటి మూత లోపలివైపు అంటించి, కుంకుమ పెట్టి, టేపు వేసేశారు. "ఇక్కడి ప్యాకెట్ మాత్రం ఎప్పటికీ మీదే. అమ్మని మార్చను" అన్నారు నాతో.

బెంగ తీరింది. ఈర్ష్య తీరలేదు. భోజనాల దగ్గర శ్రీధర్‌కి బొబ్బట్టు మారు వడ్డిస్తే అదీ నా కంట్లో పడింది.

సాయంత్రం రైల్లో పక్కాయన నేనేం చేస్తుంటానని అడిగారు.

"లేబుళ్ళు వేస్తానండి. ఈరోజే ఒకటి జర్మనీ బయల్దేరింది."

"అబ్బో! అక్కడివాళ్ళకి నచ్చిందా అండి?"

"వాళ్ళకి కనబడితే కదండీ."

కొవ్వూరు దాటగానే, శాంపిల్‌కని అడిగి తెచ్చుకున్న శ్రీధర్ ప్యాకెట్ బయటికి తీశాను. గోదావరిని చూడమని మీకు చెప్పినవాణ్ణి, అవతలి గట్టు వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెధవ, ఎంత బాగా చేశాడో!