తోరణాల కాడ

ఆ రోజుల్లో నాకు తెలుగు పూర్తిగా వచ్చుననే భ్రమలో ఉండేవాణ్ణి. రాష్ట్రం కొత్తగా ఒకటైన కాలం. కృష్ణా జిల్లా నుంచి వరంగల్‌లో ఒక బడికి చరిత్ర పంతులుగా వచ్చాను. నెల తిరక్కముందే, ఊళ్లో ఆప్యాయంగా పలకరించే మనిషి లేక, ఇంటికి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాను. మా పెద్దసారు అది కనిపెట్టారో ఏమో, "రేపు పిల్లలకు ఖిల్లా చూపెట్టాలె సార్. మీరు సీదా పోయి తోరణాల కాడ నిలబడుండ్రి, నేను పిల్లల్ని తోల్కొస్త" అన్నారు. ఆయన చెప్పింది కాకతీయుల నాటి రాతి తోరణాల గురించి. (చరిత్ర పంతులుకు ఆ మాత్రం తెలియదా అని అడక్కండి. నేను చదివిన పుస్తకంలో బొమ్మలు లేవు. తోరణమంటే నాకు మామిడాకులే.)

ఖిల్లా లోపలే ఊరుంది. మర్నాడు వెళ్లగానే ఒక పెళ్లింటి గుమ్మానికి పచ్చటి తోరణం కనబడింది. హమ్మయ్య అనుకుని అక్కడే నిలబడ్డాను. ఒక అవ్వ బయటికొచ్చి, "గట్ల నిలబడ్డవేంది బిడ్డా? ఎవరి తరఫోడివి?" అంది. "బడి తరఫునండి" అన్నాను. పెళ్లికొడుకు కూడా ఏదో బడిలో పంతులేనట. ఇంకేముంది, మగపెళ్లివారి పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేశారు. బగారన్నం వాసనకు నేనూ పెద్దగా బెట్టు చేయలేదు. సగం తిన్నాక పక్కనున్న పెద్దాయన, "మా పిలగాడు మీ బళ్లెనేనా సారూ?" అని అడిగాడు. "ఏ పిల్లవాడండీ?" అన్నాను. పిలగాడంటే అక్కడ పెళ్లికొడుకట. పంక్తంతా నావైపు తిరిగింది. చెమటలు కక్కుకుంటూ పెద్దసారు ఎక్కడ నిలబడమన్నారో చెప్పేసరికి, నవ్వు ఆపుకోలేక ఒకాయనకు పొలమారింది. సిగ్గుతో లేవబోతుంటే అవ్వ భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఇస్తరి ముంగటికెళ్లి లేస్తరా ఎవలన్న? తిను కొడుకా" అంది.

తిన్నాక ఆవిడే, పిల్లల కోసం గంపెడు సకినాలు నెత్తిన పెట్టుకుని, నన్ను అసలు తోరణాల దగ్గరికి తీసుకెళ్లింది. అంత ఎత్తు రాతి కమానును చూసి నోరు తెరిచాను. దాని కింద పిల్లలు వాడిపోయి నిలబడ్డారు, పెద్దసారు ముఖం కందగడ్డలా ఉంది. ఇక నా అంతట నేను వెళ్లిపోనక్కర్లేదు, ఆయనే పంపించేస్తారనుకున్నాను. "ఎటు పోయిండ్రు సార్?" అన్నారు. నా కన్నా ముందు అవ్వే, "సారును ఏమనకుండ్రి, మా ఇంట్ల ఆగిండు" అంది.

"నీకేమైతడవ్వా?"

ఆవిడ గంప దించుతూ, "మావోడే" అంది.

కష్టపడి చదువుకొచ్చిన చరిత్ర ఒక్క ముక్క నోటికి రాలేదు. పిల్లలు సకినాలు కరకర నములుతూ ఓపిగ్గా నా కోసం ఆగారు, పెద్దసారు కూడా ఒకటి అందుకున్నారు. వెళ్లిపోదామన్న ఆలోచన మళ్లీ నాకు రాలేదు.

రిటైరై చాలా కాలమైంది. ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే వరంగల్ అంటాను. అని, కాదంటారేమోనని ఒక్క క్షణం చూస్తాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.