బెంగళూరులో లేని బేకరీ

పుంగనూరులో ఫోన్ ఉన్నవాళ్ళందరికీ నీరజ గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్ళు తక్కువ. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. గొంతు ఎంత మెత్తనో కోపం అంత ఘాటు. ఒకసారి లైను ఆలస్యమైందని ఒక టమోటా వ్యాపారి బూతుమాట అంటే, "ఆ మాట ఇంకోసారి అనండి సార్, మీ ఇంటికి కలుపుతా, మీ ఆడోళ్ళు గూడా వింటారు" అంది. ఆ తరువాత అతను ఎప్పుడు ఫోన్ ఎత్తినా అమ్మా అనే పిలిచేవాడు.

బి.కొత్తకోట పక్కన ఒక మాలపల్లెలో పుట్టింది నీరజ. తల్లి కుప్పమ్మ చెనక్కాయల చేలల్లో కూలికి పోయి కూతుర్ని మదనపల్లె హాస్టల్లో పెట్టి చదివించింది. హాస్టల్లో వంటలు చూసే సావిత్రమ్మ ఏటా క్రిస్మస్‌కు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని బిస్కెట్లు చేయించేది. ఉద్యోగం వచ్చాక నీరజ మదనపల్లెలోనే ఒక గుండ్రటి అల్యూమినియం ఒవెన్ కొనుక్కుంది. మూత మధ్యలో గాజు బిళ్ళ ఉండేది, లోపల బిస్కెట్లు రంగు తిరగడం అందులోంచి కనబడేది.

ఎక్స్చేంజిలో ఆమెకు ఇద్దరు స్నేహితురాళ్ళు. రాజేశ్వరిది సోమల, రైతుల ఇల్లు. అంబిక పుట్టిల్లు కుప్పం, మెట్టినిల్లు పుంగనూరు బజారు వీధిలో బట్టల అంగడి దేవేంద్ర వాళ్ళ ఇల్లు. ఇద్దరూ నీరజ కంటే చిన్నవాళ్ళు, అక్కా అనేవాళ్ళు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారం ముగ్గురూ నీరజ ఇంట్లో చేరేవాళ్ళు. రాజేశ్వరి ఊరి వెన్న తెచ్చేది. దాన్ని చక్కెరతో కలిపి తెల్లగా నురుగు వచ్చేదాకా వంతులేసుకుని చేత్తో గిలకొట్టేవాళ్ళు. మైదా, యాలకుల పొడి కలిపి, పిండి ఒత్తి, రేకు అచ్చుతో క్రిస్మస్ నక్షత్రంలాంటి చుక్కల ఆకారంలో కోసేవాళ్ళు. నడుమ కరెంటు పోతే, వచ్చేదాకా కోకో కాచుకునేవాళ్ళు. పాలు మరిగించి, అంబిక తెచ్చిన కోకో పొడి, కొంచెం బెల్లం, చిటికెడు శొంఠి వేసి చిలికితే నురుగు పొంగేది. అంబిక ఒక లోటా తాగి, రెండోది తనే పోసుకునేది. సాయంత్రం ఎవరి డబ్బా వాళ్ళు నింపుకుని వెళ్ళేవాళ్ళు. నాలుగేళ్ళు ఇలాగే జరిగింది.

1994లో అంబిక కాన్పుకు కుప్పం వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నీరజ బోర్డు ముందు కూర్చుని ఉండగా ఒక ముసలావిడ కాల్ వచ్చింది.

"అమ్మా, నేను బట్టలంగడి దేవేంద్ర వాళ్ళమ్మను, వెంకటరత్నమ్మను. మా కోడలు అంబికది మీ ఆఫీసే."

"చెప్పండమ్మా."

"బెంగళూరికి ట్రంకు కాల్ కావాల. ఆడ ఒక బేకరీ ఉండాదంట, పేరు నాకు తెలీదు. మా కోడలు ఏటా డిసెంబర్లో ఆడినించి ఎవరితోనో బిస్కెట్లు తెప్పిస్తాది. చుక్కల మాదిరి ఉంటాయి, యాలకుల వాసన. వచ్చే వారం మనవరాలికి నామకరణం. అవి తెప్పించల్లని ఉండాది. కోడలు కుప్పంలో ఉండాది, వాళ్ళమ్మోళ్ళింట్లో ఫోన్ లేదు. మీకేమన్నా తెలుసా తల్లీ?"

నీరజ చేతిలో లైను కలిపే తీగ చేతిలోనే ఉండిపోయింది.

"అంత బాగుంటాయా అమ్మా?" అని అడిగింది.

"బాగుండేది అట్లుంచు. నేను బయటివి, ఎవరెవరో చేసినేవి ముట్టేదాన్ని కాదు. అవైతే తింటా. మిషన్లో చేస్తారంట గదా, మనిషి చెయ్యి తగలదంట. కోడలు చెప్పింది."

"లైన్లు పనిచేయడం లేదమ్మా" అని నీరజ తీగ లాగేసింది.

ఆ రోజు మిగిలిన కాల్స్ ఎలా కలిపిందో ఆమెకు గుర్తులేదు. పారేశారని తెలిసినా అంత మండేది కాదు. పారేసేవాళ్ళను ఆమె చిన్నప్పటి నుంచి చూసింది, వాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. తన చేతులు లేవని చెప్పి తినిపించడం కొత్త. నామకరణం సంగతి కూడా ఆ ముసలావిడ నోటి నుంచే వినాల్సి వచ్చింది.

సెలవు రోజు చూసుకుని కుప్పం బస్సెక్కింది. అంబిక వసారాలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నీరజను చూడగానే ముఖం విప్పారింది.

"ఇంత దూరం వచ్చినావా అక్కా? రా, కూర్చో."

"బేకరీ పేరు కనుక్కోను వచ్చినా" అంది నీరజ, నిలబడే.

అంబిక ముఖం పాలిపోయింది. ఎవరు చెప్పారని అడగలేదు. తల వంచుకుని మాట్లాడింది. "నువ్వు చేసినేవని చెప్పింటే తినరక్కా. పారేస్తారు. పారేయకూడదనే అట్ల చెప్పినా. వాళ్ళు బాగుండాయి బాగుండాయని తింటాంటే నాకు లోపల ఎంత సంతోషంగా ఉంటాదో నీకు తెలీదు."

"తిండి వాళ్ళది, సంతోషం నీది. నేనేమి మే? మిషన్నా?"

"అక్కా, పాప లేస్తాది."

"లేయనీ. నాలుగేండ్లు మా ఇంట్లో కూర్చోని రెండు రెండు లోటాలు తాగిపోతివి. మీ గడప ఎట్లుంటాదో నేను సూసినానా? ఒక్కసారన్నా రమ్మన్నావా?"

అంబిక ఏడ్చింది. పాప లేచి అదీ ఏడ్చింది. లోపల్నుంచి అంబిక తల్లి వచ్చి, బాలింతను ఏడిపించే ఈ మనిషి ఎవరన్నట్టు చూసింది. తప్పు చేసిన మనిషి కన్నీళ్ళతో మంచిదైపోయి, తాను రాక్షసిలా నిలబడాల్సి వచ్చినందుకు నీరజకు ఇంకా ఒళ్ళు మండింది. నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మరునాడు డ్యూటీలో రాజేశ్వరికి అంతా చెప్పింది. తనతో పాటు ఆమె కూడా నాలుగు మాటలు తిడుతుందని ఎదురుచూసింది. రాజేశ్వరి హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసక్కా" అంది. "అంబికన్నా అబద్ధం చెప్పి ఇంటికి ఎత్తుకోని పోయింది. నేను అదీ చేయల్యా. సోమల బస్సులో పిల్లోళ్ళకు పంచేసి, ఖాళీ డబ్బాతో దిగేదాన్ని. మా నాయన సంగతి నీకు తెలీదు."

"మీ నాయన సంగతి నాకు బాగా తెలుసు. నీ సంగతే తెలీలేదు" అంది నీరజ. ఆ తరువాత వాళ్ళిద్దరి మధ్య కాల్స్ గురించి తప్ప మాటల్లేవు.

డిసెంబర్ వచ్చేసరికి అంబిక డ్యూటీలో చేరింది. కొన్నాళ్ళు తప్పించుకు తిరిగింది. పండగ దగ్గరపడ్డాక ఒకరోజు కోకో డబ్బా తెచ్చి నీరజ ముందు పెట్టి, "ఈసారి ఎప్పుడు చేసుకుందామక్కా?" అని అడిగింది, ఏమీ జరగనట్టు.

నీరజ ఆ డబ్బా వైపు చూసింది. తరువాత బోర్డు వైపు తిరిగి బజారు వీధికి రింగ్ కొట్టింది. ఏం చేస్తోందో అంబికకు అర్థమయ్యేలోపే అవతల వెంకటరత్నమ్మ ఎత్తింది.

"అమ్మా, మీరడిగిన బేకరీ దొరికింది" అంది నీరజ. "బెంగళూరులో లేదు, ఈ ఊర్లోనే ఉండాది. నా పేరు నీరజ. మాది బి.కొత్తకోట పక్కన మాలపల్లె. నాలుగేండ్లుగా మీరు తింటాండేది నా చేత్తో పిసికి చేసినేవి. మిషన్ లేదు. కావాలంటే మా ఇంటికి రండి, వేడివేడివి కూర్చోని తిని పోదురు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. అంబిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

మరునాడు దేవేంద్ర ఆఫీసుకు వచ్చి గొడవ చేశాడు. తన తల్లికి ఫోన్ చేసి అవమానించిందని, ఆమె రాత్రి నుంచి అన్నం ముట్టలేదని అరిచాడు. సూపర్‌వైజర్ దొరస్వామి నీరజను పిలిచి, సొంత మాటలకు బోర్డు వాడటం తప్పని, ఒక క్షమాపణ రాసిస్తే అయిపోతుందని నచ్చజెప్పాడు.

"లైను వాడుకునేది తప్పే సార్, దానికి రాసిస్తా" అంది నీరజ. "చెప్పిన మాటకు రాయను. ఆ మాట తప్పంటే ఆయప్పను ఈడికొచ్చి యాడ తప్పో చెప్పమనండి."

దేవేంద్ర మళ్ళీ రాలేదు. నీరజ లైను వరకే రాసిచ్చింది. అంబిక రోజూ ఎర్రబడిన కళ్ళతో పక్క కుర్చీలో కూర్చుంటుంటే జాలి, కోపం రెండూ కలిసి పని చేయనిచ్చేవి కావు. మరుసటి ఏడు నీరజ తనే అడిగి కుప్పం ఎక్స్చేంజికి బదిలీ చేయించుకుంది.

కుప్పంలో మొదటి క్రిస్మస్‌కు ఒక్కతే వెన్న గిలకొట్టింది. భుజం పీకింది. వంతుకు మనిషి లేదు. కోకో ఒక లోటాకు కాస్తే పాలు అడుగంటాయి. గిన్నె పెరట్లోకి విసిరేసి, దాన్ని మళ్ళీ తానే తెచ్చి తోముకుంది.

రెండో ఏడు రాజేశ్వరి వెన్న గిన్నెతో దిగింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "ఒవెన్ లేకపోతే నెయ్యి బిస్కెట్లు పెనం మీద చేసినా. నీరజక్క నేర్పించినేవని మా నాయన ముందర పెట్టినా. ఆయన తినల్యా. ఆయన సూస్తాండంగా నేను తిన్నా. తిన్న చేత్తో ఇంట్లో ఏదీ ముట్టొద్దన్నాడు."

"తరువాత?"

"మూడు నాళ్ళు మాట్లాడల్యా. నాలుగోనాడు మాట్లాడినాడు."

"కూర్చో. చేతులు కడుక్కో" అంది నీరజ.

అంబిక రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. ఎక్స్చేంజిల్లో ఆపరేటర్ల బోర్డులు పోయాయి, నీరజ బిల్లుల కౌంటర్లోకి మారింది, ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. 2003 డిసెంబర్లో పుట్టింటికి వచ్చిన అంబిక నేరుగా నీరజ ఇంటికి వచ్చింది. ఆ రోజు రాజేశ్వరి కూడా అక్కడే ఉంది. నీరజ రమ్మనలేదు, పొమ్మనలేదు. అంబిక కూర్చుని అచ్చు తీసుకుని చుక్కలు కోయడం మొదలుపెట్టింది. కోకో ఇస్తే ఒక్క లోటాయే తాగింది. సాయంత్రం రాజేశ్వరికి డబ్బా నింపి, నీరజ మూత పెట్టేసింది.

"నాకు?" అంది అంబిక మెల్లగా.

"నీకియ్యను. మీ ఇంటికి నన్ను పిలువు. నేనే ఎత్తుకోనొస్తా."

"అత్త ఉండాది అక్కా."

"ఉండాదని తెలిసే అంటాండా."

అంబిక పిండి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. లేచి వెళ్తూ "పిలుస్తా" అంది.

పిలిచింది, ఫిబ్రవరిలో. నీరజ మళ్ళీ బిస్కెట్లు చేసి, రాజేశ్వరిని వెంటబెట్టుకుని పుంగనూరు వెళ్ళింది. బజారు వీధి ఇంట్లో ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. వెంకటరత్నమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. తలుపు వెనక ఆమె దగ్గు మాత్రం వినబడుతూ ఉంది. దేవేంద్ర నిలబడే ఒక బిస్కెట్ తిని, అంగడికి వెళ్ళిపోయాడు. అంబిక ముగ్గురికీ కోకో తెచ్చి, వాళ్ళ మధ్య కింద కూర్చుంది. లోటా తొణికి కోకో చాప మీద పడింది. ముగ్గురూ తాగేదాకా ఎవరూ లేవలేదు.

తిరుగు బస్సులో రాజేశ్వరి అడిగింది. "ఇప్పుడన్నా కోపం తగ్గిందా అక్కా?"

"యాల తగ్గల్ల? ముసలామె తలుపు తీయల్యా గదా" అంది నీరజ. "వచ్చే ఏడు మళ్ళీ పోతా."

వెళ్ళింది కూడా.